శవపెట్టె పంపినం... ట్రంకుపెట్టె మర్చిపోయినం!



నువ్వెవరివో మాకు తెలుసు. రియాద్‌లో సెంట్రింగ్ కడ్తవు. దమ్మామ్‌లో లారీ తోల్తవు. జుబైల్‌లో పైపులకు వెల్డింగ్ పెడ్తవు. ఎడారిలో గొర్లు కాస్తవు. జిద్దాలో ఎవరింట్లనో అంట్లు తోముతవు. నీది జగిత్యాలో, సిరిసిల్లో, నిజామాబాదో, నిర్మలో. లేకుంటే కడపో, రాజంపేటో, కోనసీమో. శుక్రవారం బత్హా బజారుకు పోయి మనోళ్ల మొఖాలు చూసి వస్తవు. మేము కూడ అంతే. నీ పక్క బెడ్డోళ్లమే. అందుకే సుట్టు తిప్పకుండ చెప్తున్నం. విను!

మా గదిలో పై బెడ్డాయన ఒకరోజు తెల్లారి లేవలే. రాత్రి మాతోటి కలిసి పప్పుచారు తిన్నడు. ఇమోలో బిడ్డతోటి మాట్లాడిండు. "నాన్నా, ఫీజు కట్టలేదని క్లాసుల నన్ను లేపి నిలబెట్టిన్రు" అన్నదా పిల్ల. "జీతం రాంగనే పంపుత బిడ్డా" అన్నడు. తెల్లారి నాలుగున్నరకు కంపెనీ బస్సొచ్చి హారన్ కొట్టింది. ఆయన లేవలే. గుండె ఆగిందని కాగితం మీద రాసిన్రు. నలభై ఏండ్లు దాటని మనిషి!

ఆ తర్వాత ఏమైతదో నీకు చెప్పాల్నా? పోలీసు కాగితం. దవాఖాన కాగితం. కంపెనీ కాగితం. ఇంటి దగ్గర భార్య సంతకం పెట్టిన కాగితం. ఎంబసీ కాగితం. ఒక్కటి ఆగితే అన్నీ ఆగుతయి. వారాలకు వారాలు మనిషి మార్చురీలనే. మనం ఊకున్నమా? ఊకోలే! డ్యూటీ దిగంగనే ఉరికినం. ఆఫీసుల చుట్టు తిరిగినం. ఖర్చు ఎవరికి తోచింది వాళ్లు పెట్టినం. పెట్టె శంషాబాద్‌లో దిగిందని ఫోనొచ్చేదాక మాకు ముద్ద మింగుడు పడలే. ఆ పెట్టె ఊరు చేరినంక బెడ్డెక్కి పన్నం. పని అయిపోయిందనుకున్నం.

అయిపోయిందా? ఎక్కడ అయిపోయింది!

ఆ ఇంట్లో ఇంకో పెట్టె ఉండె. రేకు ట్రంకుపెట్టె. హాస్టల్‌కు పోయే పిల్ల పట్టుకపోయిన పెట్టె. మూత మీద తెల్ల పెయింటుతోటి పేరు, తరగతి రాసిన పెట్టె. తండ్రి పెట్టె వచ్చిన రెండు నెలలకు ఆ పెట్టె కూడ ఇంటికి తిరిగొచ్చింది. ఫీజు బాకీ! ఇయ్యాల దాంట్ల బియ్యం పోసుకుంటున్నరు. పిల్ల తల్లి పక్కన చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నది. ఎనిమిదో తరగతి పిల్ల! లెక్కలల్ల ఫస్టొచ్చే పిల్ల!

ఒక పెట్టె కోసం నిద్ర మానుకున్నోళ్లం, రెండో పెట్టెను మర్చిపోయినం. ఇది మన తప్పే. మా గది తప్పు ముందు. ఆ తప్పు దిద్దుకోవాలని, నీతోటి కలిసి దిద్దుకోవాలని ఈ కరపత్రం.

నీ ఊర్లో ఇట్లాంటి ఇల్లు లేదా? ఒక్కసారి కండ్లు మూసుకుని వాడకట్టు మొత్తం తిరిగి రా. ఎన్ని గడపలు? సౌదీలో పోయినోడు ఒకడు. కాళ్లు విరిగి మంచంల పడ్డోడు ఒకడు. కఫీల్ (యజమాని) పారిపోయిండని హురూబ్ కేసు పెడితే ఇకామా లేక, ఇంటికి పోలేక, పని దొరకక దాక్కునేటోడు ఒకడు. ఆరు నెలల జీతం మింగి కంపెనీ మూత పడితే ఉత్త చేతులతోటి దిగినోడు ఒకడు. అప్పు మాత్రం అందరికీ ఒకటే! వీసాకు లక్ష తెచ్చిండు. నూటికి మూడు రూపాయల మిత్తి. అంటే నెలకు మూడు వేలు మిత్తికే పోతయి. మనిషి చచ్చినా మిత్తి చావదు. పెద్దకర్మ కాకముందే అప్పులోడు గడపల కూసుంటడు. ఆ ఇంట్లో మొదలు ఆగేదేంది? కరెంటు బిల్లా? కాదు. పాలా? కాదు. పిల్లల ఫీజు! ఎందుకంటే ఫీజు కట్టకుంటే ఆ రోజు ఎవరూ ఆకలితోటి సావరు. అందుకే మొదలు దానికే కత్తెర.

నీ పాస్‌పోర్టు తీసి చూడు తమ్మీ. ఈసీఆర్ అని ఉన్నదా? ఆ మూడక్షరాలు ఎందుకొచ్చినయి? మనం పదో తరగతి దాటలే కాబట్టి! పది పాసైనోడికి ఆ ముద్ర ఉండదు. మనది పది లోపల ఆగిన చదువు. మన నాయనలకు పైసలు లేక ఆగింది. ఇప్పుడు తండ్రి పోయిన పిల్లగానికి కూడ తొమ్మిదిలనే ఆగితే ఏమైతది? కొన్నేండ్లు ఊర్లో సెంట్రింగ్ కూలి. వయసు రాంగనే పాస్‌పోర్టు. మళ్లా అదే ముద్ర. మళ్లా అదే ఏజెంటు. మళ్లా లక్ష అప్పు. మళ్లా ఇదే క్యాంపు. తండ్రి పన్న బెడ్డు మీదనే కొడుకు పంటడు! పొలం, ఇల్లు వారసత్వంగా వస్తయని విన్నం. బెడ్డు వారసత్వంగా రావుడు మేము కండ్లారా చూస్తున్నం. ఆడపిల్లకైతే అది కూడ లేదు. పదిహేడు నిండకముందే సంబంధం!

హాస్టలే ఎందుకు, ఊరి బడి లేదా అంటవా? ఉన్నది. మంచిదే. తల్లి ఇంటి దగ్గరుండి చూసుకోగలిగితే ఊరి బడే మేలు, పిల్ల తల్లి దగ్గరనే ఉండాలె. కాని తండ్రి లేని ఇంట్లో తల్లి పొద్దుగాల ఆరుకు నాటుకో, ఉపాధి పనికో పోతది. పోరడు లేచేసరికి పొయ్యి సల్లగ ఉంటది. బడికి పొయ్యిండా, చెరువుకు పొయ్యిండా అడిగేటోళ్లు లేరు. సాయంత్రం పుస్తకం తెరిస్తే గడపల అప్పులోని గొంతు. ఆ గొంతు వినుకుంట ఎట్ల చదువుతడు? హాస్టల్‌లో మూడు పూటల తిండి. స్టడీ అవర్. పక్కన తనసోంటి పిల్లలు. అన్నిటికన్న పెద్దది, ఆ గొంతు అక్కడ వినపడదు. అప్పు ఇంట్లో ఉంటది, పిల్ల బయటుంటది. మేము అడిగేది అంతే!

మరి సర్కారు లేదా? ఉన్నది! దాని దగ్గర మన హక్కు మనం ముందు వసూలు చెయ్యాలె. ఒక్క పైసా కూడ వదలొద్దు. ఇది గట్టిగ పట్టుకో.

ఇక్కడ్నుంచి మొదలుపెట్టు. చచ్చిపోయినాయనకు కంపెనీ ఇచ్చేది ఉంటది. సౌదీ లేబర్ చట్టంలోనే ఉన్నది. మొదటి అయిదేండ్లకు ఏడాదికి సగం నెల జీతం. ఆ తర్వాత ప్రతి ఏడాదికి పూరా నెల జీతం. ఎనిమిదేండ్లు చేసినోడు, వెయ్యి రియాళ్ల జీతగాడు అనుకో. అయిదేండ్లకు రెండున్నర వేలు, మూడేండ్లకు మూడు వేలు. మొత్తం 5,500 రియాళ్లు. రియాలుకు 22 రూపాయలు పట్టినా లక్షా ఇరవై వేల రూపాయలు! ఇది ఎవని దయ కాదు, ఆయన చెమట. శవం పంపే తొందరల ఇంటోళ్లతోటి ఏ కాగితం మీదనో సంతకం పెట్టించుకుంటే అది గాలికి పోతది. పెట్టెతోటి పాటే లెక్క కూడ అడగాలె. ఎంబసీలో చెప్పాలె. రియాద్‌లో ఎంబసీ, జిద్దాలో కాన్సులేట్ ఉన్నది అందుకే.

రెండోది బీమా. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద క్లియరెన్స్ తీసుకుని వచ్చినోళ్లకు ప్రవాసీ భారతీయ బీమా ఉంటది. ప్రమాదంల పోతే 10 లక్షలు. ప్రమాదంల! గుండె ఆగిందని రాస్తే ఆ పది లక్షలు రావు. నిండు మనిషి నిద్రలనే పోతే, రోజంతా ఎండల మాడినోడు రాత్రి పోతే, అది ప్రమాదం కాదంట! ఏమన్నా న్యాయమేనా? దీని మీద కొట్లాడుడు వేరే ఉన్నది. అప్పటిదాక పిల్ల ఆగుతదా?

తెలంగాణ సర్కారు 2024లో ఒక మాట చెప్పింది. గల్ఫ్‌లో పోయినోళ్ల ఇంటికి 5 లక్షలు. 2023 డిసెంబర్ 7 నుంచి జరిగిన చావులకు. గల్ఫ్ కార్మికుల పిల్లలకు గురుకులాల్లో సీట్లు ఇస్తమన్నది కూడ. హైదరాబాద్ ప్రజాభవన్‌లో మన గోడు వినేటందుకు ప్రవాసీ ప్రజావాణి పెట్టింది. మంచిమాట! మరి మీ ఊర్లో ఆ ఇంటామెకు ఇది తెలుసా? కలెక్టరేట్‌లో దరఖాస్తు ఇచ్చిందా? చావు సర్టిఫికెట్‌ను ఎవరన్నా తెలుగు చేసి పెట్టిన్రా? ఆమె అక్షరం ముక్క రానామె, చంకలో పిల్లగానితోటి ఏ కిటికీ దగ్గర నిలబడాలె? ఇది పైసల పని కాదు. ఒక ఫోన్ కాల్ పని. నీ తమ్మునికో, బావమరిదికో ఫోన్ చేసి "ఆమెను తోలుకపో" అని చెప్పే పని. ఇయ్యాలనే చెయ్యి!

ఇంకా ఉన్నయి. తండ్రి లేని ఆడపిల్ల, బడి మానేసిన ఆడపిల్ల అయితే కస్తూర్బా విద్యాలయం అడుగుండ్రి. ఆరో తరగతి నుంచి ఉంటది. ఉండుడు, తినుడు, చదువు అన్నీ ఉచితం. తల్లి ఒంటరిదై ఆదాయం తక్కువుంటే మిషన్ వాత్సల్య కింద పిల్లకు నెలకు 4,000 రూపాయలు వచ్చే దారి ఉన్నది. జిల్లా బాలల సంరక్షణ ఆఫీసుల అడగాలె.

ఇగ గురుకులాలు. వీటిని చిన్నగ చూడకు! 1971లో సర్వేల్‌లో మొదటి గురుకులం మొదలైంది, పి.వి. నరసింహారావు కాలంలో. అది దానంగా వచ్చిన భూమి మీదనే లేచింది. భూమి ఇస్తే సర్కారు కదిలింది, చూసినవా? 1980లల్ల దళిత పిల్లల కోసం గురుకులాలు వచ్చినయి, ఎస్.ఆర్. శంకరన్ సోంటి ఆఫీసర్ల పట్టుదలతోటి. ఆ గురుకులాల పిల్లనే మాలావత్ పూర్ణ. మన నిజామాబాద్ జిల్లా పాకాల తండా బిడ్డ. కూలి చేసుకునే తల్లిదండ్రుల బిడ్డ. తాడ్వాయి గురుకులంల చదువుకుంట 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కి నిలబడ్డది. అప్పటికి పద్నాలుగు నిండలే! మన పిల్లలు దేనికి తక్కువ? ఒక సీటు, మూడు పూటల తిండి, నమ్మే ఒక సారు దొరికితే చాలు.

కాని సీటు ఎప్పుడు దొరుకుతది? అయిదో తరగతికి. పరీక్ష చాలావరకు ఫిబ్రవరిలో. పైతరగతుల్లో ఖాళీలుంటేనే దారి. చావు ఫిబ్రవరి చూసి వస్తదా? తండ్రి ఆగస్టుల పోయిండు. పిల్ల ఏడో తరగతిల ఉన్నది. అప్పుడేం చెయ్యాలె? వచ్చే ఫిబ్రవరి దాక బీడీలు చుట్టాల్నా? ఒక్కసారి బీడీల ముందు కూసున్న పిల్ల మళ్లా లేస్తదా?

ఆ ఏడాది, ఆ సందు... అక్కడనే మన పిల్లలు జారిపోతున్నరు. ఆ సందుకు మనం చెయ్యి అడ్డం పెట్టాలె. ఈ కరపత్రం అడిగేది ఇదే!

మన ముసలోళ్లు చెప్పే ముచ్చట ఒకటి యాదికొస్తది. వెనుకటికి బీద పిల్లలు వారాలు చేసుకుని చదువుకున్నరు. సోమవారం ఒకరింట్లో అన్నం. మంగళవారం ఇంకొకరింట్లో. ఏడు గడపలు కలిస్తే ఒక పిల్లగాని చదువు. ఏ ఇంటికీ బరువు కాలే. 1918లో హైదరాబాద్‌లో, ఊర్ల నుంచి వచ్చిన పిల్లలకు తల దాచుకునే జాగ లేకుంటే, తర్వాత కొత్వాల్ అయిన వెంకటరామారెడ్డి ముందట పడి చందాలు తెచ్చి రెడ్డి హాస్టల్ పెట్టించిండు. తర్వాత ఇంకా ఎన్నో కులాల హాస్టళ్లు వచ్చినయి. చందాల హాస్టళ్లే ఎందర్నో చదివించినయి.

ఒక్క మాట మాత్రం దాచొద్దు. ఆ వారాలు కులం చూసి పెట్టినయి. ఆ హాస్టళ్లు కులం పేరు మీద లేచినయి. మన తాతలల్ల చాలామందిని ఆ గడప కూడ ఎక్కనియ్యలే. అసోంటి కాలంలనే భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి హైదరాబాద్ బస్తీలల్ల అంటరానోళ్లని దూరం పెట్టిన పిల్లలకు బళ్లు పెట్టుకుంట పోయిండు. మనం ఎవరి బాట పట్టాలె? క్యాంపుల మనకు కులం ఉన్నదా? ఒక్క గిన్నెల తింటున్నం! మాదిగాయన, గౌడాయన, సాయిబు, పద్మశాలాయన ఒక్క గదిలో మూడంతస్తుల మంచాల మీద పంటున్నం. మన వారం కూడ అట్లనే ఉండాలె. తండ్రి సౌదీ పోయినోడా? చాలు. ఇంకేం అడగొద్దు!

ఎంత ఇయ్యాలె? పది రియాళ్లు. నెలకు. అంతే!

పది రియాళ్లంటే ఏంది? ఒక షవర్మా, ఒక చాయ్. రియాలుకు 22 రూపాయలే పట్టు. నెలకు 220. ఏడాదికి 2,640. ఒక ఊరోళ్లు ముప్పై మంది కలిస్తే 79,200 రూపాయలు. మండలంలో మామూలు హాస్టల్ బడికి ఒక పిల్ల ఏడాది ఖర్చు చాలావరకు గట్టెక్కే పైసలు. నెలనెలా ముప్పై షవర్మాలు ఒక ట్రంకుపెట్టెను మళ్లా హాస్టల్ గేటు దాటిస్తయి! ముప్పై మంది దొరకరా? పెద్ద క్యాంపుల చూస్తే ఒక్క మండలపోళ్లే ఎందరో ఉంటరు.

జీతం రాలేదా? నెల ఆపు. ఎవరూ అడగరు. నీ ఇల్లే ఆగమైతే నువ్వు ఇచ్చేటోనివి కాదు, తీసుకునేటోనివి. సిగ్గు పడకు. ఇయ్యాల నాది, రేపు నీది. 2016లో పెద్ద పెద్ద కంపెనీలు కూలి వేలమంది మనోళ్లు జీతం లేక, తిండి లేక క్యాంపులల్ల పడి ఉంటే కాన్సులేట్ వాళ్లు బియ్యం, పప్పు మోసుకొచ్చి పంచలేదా? ఇక్కడున్న మనోళ్లు వండి తెచ్చి పెట్టలేదా? అప్పుడు ఆకలి కనపడ్డది, మనం కదిలినం. బడి మానేసిన పిల్ల మనకు కనపడదు. మూడు వేల కిలోమీటర్ల అవతల చాట ముందు కూసుని ఉంటది. అందుకే కదులుతలేం.

ఇప్పుడు చాలా జాగ్రత్తగ చదువు. ఇక్కడ పైసలు పోగు చెయ్యొద్దు! డబ్బా తిప్పొద్దు! గదికో మనిషి తిరిగి వసూలు చెయ్యొద్దు! సౌదీలో పర్మిషన్ లేకుండ చందా వసూలు చేసుడు నేరం. ఎహ్‌సాన్ సోంటి పర్మిషన్ ఉన్న దారుల్లోనే ఇక్కడ దానం వసూలైతది. మంచిపనే కదా అంటే పోలీసు వినడు. ఇది సంఘం కాదు. దీనికి ప్రెసిడెంట్ లేడు, రసీదు బుక్కు లేదు, అకౌంట్ నంబర్ లేదు. ఎవరన్నా ఈ కాగితం చూపించి నీ దగ్గర రియాలు అడిగితే వాడు దొంగ!

మరెట్ల? పది రియాళ్లు ఒంటిగ పంపితే పంపుడు ఖర్చే దానికన్న ఎక్కువైతది. కాబట్టి నువ్వు కొత్తగ పంపేది ఏం లేదు. నెలనెలా తహ్వీల్‌కు పోయి ఇంటికి పంపే పైసల్లనే ఇది కలుపు. ఇంట్లో నీ ఇల్లాలు 220 రూపాయలు పక్కకు పెడ్తది. మన ఊర్లల్ల పొదుపు సంఘాలు ఉన్నయి. మన ఆడోళ్లే నడుపుతున్నరు. నెలనెలా కూసుంటరు, రూపాయి రూపాయికి పుస్తకంల రాస్తరు. వీళ్లను మించిన లెక్క ఏ ఆఫీసుల ఉన్నది? గల్ఫ్ పోయినోళ్ల ఇల్లాండ్లు కూసోని, ఎవరి పిల్ల బడి మానేసిందో వాళ్లే తేల్చాలె. మనకన్న వాళ్లకే ఎక్కువ తెలుసు. పైసలు ఆ తల్లి చేతికి కాదు, మధ్యల ఇంకొకని చేతికీ కాదు. సీదా బడి అకౌంట్లకే. తల్లి మీద నమ్మకం లేక కాదు! ఆమె చేతికొచ్చిన పైసను గడపల కూసున్న అప్పులోడు గుంజుకపోతడని.

ఒక్క పిల్లతోటి మొదలుపెట్టుండ్రి. పది మందిని చదివిస్తమని చెప్పి డిసెంబర్ల చేతులెత్తేసుడు పాపం. మధ్యల ట్రంకుపెట్టె రెండోసారి ఇంటికొస్తే ఆ పిల్ల మళ్లా బడి మొఖం చూడదు. ఒక్క పిల్లను పట్టుకుంటే పదో తరగతి పాసయ్యేదాక విడవొద్దు. రెండు నెలల ఫీజు ముందే జమ పెట్టుకోని ఉండుండ్రి. ఎవరన్నా ఎగ్జిట్ మీద ఇంటికి పోతే అతని జాగల ఇంకొకరు రావాలె. గురుకులం సీటు వస్తే మంచిది, ఆ పైసలు ఇంకో పిల్లకు. గురుకులం ఉచితమైనా ట్రంకుపెట్టె, దుప్పటి, బకెట్, చెప్పులు, పండుగకు బస్సు చార్జీ ఎవరిస్తరు? దానికి కూడ వారం కావాలె.

సీటు కట్టి చేతులు దులుపుకోవద్దు. 2024లో కొన్ని గురుకులాల్లో తిండి పాడై పిల్లలు దవాఖాన పాలైన వార్తలు మనమే ఫోన్లల్ల చూసినం, మన కడుపుల్ల దేవినట్టయింది. అందుకే నెలకొకసారి ఊరి నుంచి ఇద్దరు ఆడోళ్లు పోయి చూడాలె. అన్నం ముద్ద నోట్ల పెట్టుకుని చూడాలె. బాత్రూం తలుపుకు గొళ్లెం ఉన్నదా చూడాలె. పిల్లను పక్కకు పిలిచి, "ఎవరన్నా కొడుతున్నరా బిడ్డా" అని అడగాలె. ప్రైవేటు హాస్టలైనా, సర్కారుదైనా ఒక్కటే లెక్క!

ఇంకోటి. ఫీజు కట్టినమని పిల్లను నిలబెట్టి ఫొటో దిగి వాట్సాప్‌ల పెట్టకుండ్రి! ఆ పిల్ల ఒక్కసారి క్లాసుల నిలబడ్డది ఫీజు కట్టలేదని. మనం కట్టి మళ్లా నిలబెడ్తమా? ఆమె తండ్రి మన గదిల మనకు ఉప్పు అందించిన మనిషి. ఆయన బిడ్డకు మనం దానం చేస్తలేం. ఆయన పాలు మనం కడుతున్నం.

ఆఫీసుల్ల పనిచేసే అన్నలారా, మీతోటి ఒక మాట. 2017 జులైల ఫ్యామిలీ మీద మనిషికి నెలకు వంద రియాళ్ల పన్ను పడ్డది. ఏడాదికొక వంద పెరిగి 2020కి నాలుగు వందలైంది. అప్పుడు మీలో ఎందరో భార్యాపిల్లలను ఇంటికి తోలిన్రు. పిల్లలను హాస్టళ్లల్ల పెట్టిన్రు. ఎయిర్‌పోర్టుల బిడ్డ చెయ్యి విడిపించుకున్నది యాదుందా? హాస్టల్ గేటు దగ్గర పిల్ల ఎనక్కి తిరిగి చూసుడు మీకు తెలుసు. మీ పిల్ల ఫీజు కట్టిన గేటు లోపలికి పోయింది. పై బెడ్డాయన పిల్ల గేటు బయట ఉన్నది. మీరు పదితోటి ఆగకుండ్రి. పైగా ఇంగ్లీషుల, అరబ్బీల కాగితం రాసుడు మీకొస్తది. ఒక్క శుక్రవారం సాయంత్రం కూసోని కంపెనీకి, ఎంబసీకి రెండు లెటర్లు రాసి పెట్టుండ్రి. అది పది రియాళ్లకన్న వెయ్యింతలు.

ఇండ్లల్ల పనిచేసే అక్కలారా! చెల్లెండ్లారా! మీరు బత్హాకు రాలేరు. శుక్రవారం సెలవు కూడ మీలో చాలామందికి లేదు. 2021 మార్చిల కఫీల్ మారే వెసులుబాటు అన్నరు, దాంట్ల ఇంటిపనోళ్లను, ఇంటి డ్రైవర్లను బయటనే పెట్టిన్రు. మీ దగ్గర పైసలు అడగం. మీ పిల్లలు ఎక్కడున్నరో చెప్పుండ్రి చాలు. తల్లి సౌదీల, తండ్రి కల్లు దుకాణంల, పిల్లలు అమ్మమ్మ దగ్గర... అది కూడ మన లిస్టుల ఉండాలె. తండ్రి చచ్చిన పిల్లలకే కాదు, ఇద్దరుండి కూడ ఎవరూ లేని పిల్లలకు కూడ ఈ వారం!

టైం లేదు. జూన్ 12న మన దగ్గర బళ్లు తెరుస్తరు. మూడు రోజులకు, జూన్ 15 నుంచి, ఇక్కడ మధ్యాహ్నం 12 నుంచి 3 దాక ఎండల పని బంద్. షెడ్డు కింద నీళ్ల బాటిల్ పట్టుకోని కూసుంటవు చూడు, ఆ మూడు గంటల్ల అడుగు నీ పక్కోణ్ని: "అన్నా, మన మండలంల ఎవరు పోయిన్రు? వాళ్ల పిల్లలు బడికి పోతున్నరా?" ఆ మాట ఎండాకాలం అయిపోయేదాక ఆపకు. కాని జూన్ కోసం ఆగకు, ఇయ్యాల రాత్రే మొదలుపెట్టు. మా గదిల మేము మొదలుపెట్టినం. పై బెడ్డాయన బిడ్డ పేరు ముందు రాసుకున్నం. ఆమె ట్రంకుపెట్టెలోని బియ్యం తీపిచ్చి మూతకు కొత్త పెయింట్ వేయిస్తున్నం. ఎనిమిది కొట్టేసి తొమ్మిది రాస్తరు.

ఈ కాగితం చివర్ల మేము ఏమీ అచ్చు వెయ్యలే. తెల్లగ వదిలినం. పెన్ను తీస్కో. నీకు తెలిసిన ఇల్లు ఒకటి రాయి. ఊరు, పిల్లలెందరు, ఏ తరగతిల ఆగిపోయిన్రు. దాన్ని ఫొటో తీసి నీ ఇంటికి, నీ ఇల్లాలికి, నీ చెల్లెకు పంపు. బయట గ్రూపులల్ల వెయ్యకు. కాగితం మడిచి, ఆ పేర్లున్న భాగం చింపి నీ దగ్గర పెట్టుకుని, మిగిలింది పక్క బెడ్డు తమ్మునికియ్యి. వానికి చదువు రాకుంటే చదివి వినిపించు.

— రియాద్, దమ్మామ్, జుబైల్ క్యాంపుల తెలుగు కార్మికులం, కొందరం